మూల కత్తిరించని దుప్పట్లు

ఆసుపత్రి లాండ్రీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసిన మనిషికి మరకల గురించి తెలియనిది ఉండదు. రక్తానికి చన్నీళ్ళు, నూనెకి వేడినీళ్ళు, తుప్పుకి నిమ్మ ఉప్పు. దుప్పటిని వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఒక్క చూపు చూసి, అది ఏ వార్డు నుంచి వచ్చిందో, దాని మీద పడుకున్న మనిషి ఎటు తిరిగి పడుకున్నాడో కూడా ఆమె చెప్పేది. ఊరంతా ఆమెని ఇస్త్రీ అక్క అనేవాళ్ళు. గుట్ట కాలిన తర్వాత ఆ పేరు మెల్లగా అరిగిపోయి మసి అక్క అయింది. దానికి ఆమె ఏమీ అనుకోలేదు. "ఏదైతేనేం, రెండూ వేడితో పనే" అంది.

ఊరికి పడమటి పక్క గుట్ట ఉంది. దాని అడుగునే బస్సు రోడ్డు. ఒక వేసవి చివర ఎక్కడో రాజుకున్న మంట గుట్ట ఎక్కి మూడు రోజులు కాల్చింది. ఇళ్ళ దాకా రాలేదు, గాలి తిరిగింది. మనుషులెవరూ పోలేదు కాబట్టి పత్రికలో నాలుగు లైన్లకి మించి రాలేదు. లాండ్రీలో మాత్రం కిటికీల్లోంచి బూడిద దిగి ఆరేసిన బట్టల మీద పేరుకుంది. మూడు రోజుల ఉతుకంతా మళ్ళీ ఉతకాల్సి వచ్చింది. అప్పుడే ఆమె పనివాళ్ళందర్నీ నిలబెట్టి పాఠం చెప్పింది.

"మసికి ముందు నీళ్ళు తగలనివ్వకండి. పొడిగా దులపండి. తడిసిందంటే నూలు లోపలికి దూరి కాపురం పెడుతుంది. మూడుసార్లు దులిపాకే మరిగే నీళ్ళు, సోడా. ఆఖర్న బ్లీచింగు. గుర్తుందా?"

"గుర్తుంది పెద్దక్కా" అన్నారు అందరూ. నిజంగానే గుర్తు పెట్టుకున్నారు. ఆ సంగతి మూడేళ్ళ తర్వాత తెలిసింది.

మంటలు ఆరిన నెలకి ఆమె రిటైరయింది. చివరి రోజున ఒక కుర్చీలో కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెప్పారు, ఒక గడియారం ఇచ్చారు. ఆమె దాన్ని సంచిలో వేసుకుని, లాండ్రీ తెల్లకోటు విప్పకుండానే గుట్ట దారిన ఇంటికి బయల్దేరింది. రోడ్డు మలుపు దగ్గర దారి మొదలవుతుంది. అక్కడ ఒక పెద్ద చెట్టు. కాళ్ళు లాగితే దానికి వీపు ఆనించి కాసేపు నిలబడింది. చెట్టు నిలువునా నల్లగా ఉంది. కిందంతా బూడిద. పిట్ట కూడా కూయడం లేదు.

ఇంటికి రాగానే కూతురు గుమ్మంలోనే ఆపింది. కూతురు సిటీ బస్సులో కండక్టరు. గొంతు కాస్త పెద్దది.

"అమ్మా, ఆగక్కడ. వీపు మీద ఏంటది? ముప్ఫై ఏళ్ళూ ఒక్క చుక్క పడనివ్వకుండా తిరిగి, ఆఖరి రోజు చూసుకుని బొగ్గుల బస్తా మోశావా?"

ఆమె కోటు విప్పి, అలవాటు కొద్దీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. వీపంతా చెట్టు బెరడే. పగుళ్ళు, పగుళ్ళ మధ్య నల్లటి పలకలు, ఒక పక్కన గుండ్రటి కణుపు. పెన్సిలు పట్టి గీసినా అంత వివరంగా రాదు. ఉతికితే పోతుందని ఆమెకి తెలుసు, ఎలా ఉతకాలో అందరికన్నా బాగా తెలుసు. అయినా ఉతకలేదు. తలుపు వెనకాల మేకుకి తగిలించింది.

పదిరోజులు దాన్నలా చూసి, పదకొండో రోజున లాండ్రీకి వెళ్ళి మేస్త్రిని పాత దుప్పట్లు అడిగింది. ఆమె తర్వాత ఆ కుర్చీలోకి వచ్చినవాడే మేస్త్రి. ఆమె చేతి కింద పని నేర్చుకున్నవాడు. ఆసుపత్రిలో చిరిగిపోయిన దుప్పట్లని రద్దు చేస్తారు. రద్దు చేసిన దుప్పటికి ఒక మూల కత్తిరించి పారేస్తారు. మూల ఉంటే వాడుకలో ఉన్నట్టు, లేకపోతే రద్దయినట్టు. ఆ విభాగంలో అందరికీ తెలిసిన గుర్తు అదొక్కటే.

మేస్త్రి కత్తెర తీశాడు. ఆమె వాడి చెయ్యి పట్టుకుంది.

"మూల కొయ్యకు తమ్ముడూ. దుప్పటి చుట్టూ చుడతాను. మూల పోతే ఆ మేరకి చెట్టు పోతుంది."

"రూలు ఉంది కదక్కా."

"రూలు రాయించింది నేనే. నాకు చెప్తావా?"

మేస్త్రి కత్తెర లోపల పెట్టేశాడు. మూలలున్న రద్దు దుప్పట్లు ఆమె వెంట గుట్ట ఎక్కాయి.

ఆమె పని పద్ధతి ఇలా ఉండేది. దుప్పటిని కాస్త చెమ్మ చేసి చెట్టు మొదలు చుట్టూ బిగించి, నాడాతో కట్టేది. తువ్వాలు ఉండ చుట్టి, మీది నుంచి కిందికి మెల్లగా అద్దుకుంటూ వచ్చేది. రుద్దకూడదు, అద్దాలి. విప్పాక పలచటి గంజి చల్లి నీడలో ఆరబెట్టి, మీద కాయితం పరిచి వెనకవైపు నుంచి ఇస్త్రీ చేసేది. గంజి మసిని పట్టుకుని ఉంచుతుంది. చివరికి ఒక మూల ఎర్రదారంతో చెట్టు నంబరూ ఏడాదీ కుట్టేది. వార్డు నంబర్లు కుట్టినట్టే.

రోడ్డుకి ఎదురుగా ఉన్న వాలు మీద ఇరవై రెండు చెట్లు. ఏటా ఒక్కోదానికి ఒక్కో దుప్పటి. మలుపు దగ్గరి చెట్టే ఒకటో నంబరు. దానికి మొదటి ఏడాది దుప్పటి లేదు, కోటే దాని లెక్క. మూడేళ్ళకి అరవై అయిదు దుప్పట్లూ ఒక కోటూ పోగయ్యాయి.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా" అనేది కూతురు. "బస్సులో ఆడవాళ్ళు అడుగుతున్నారు. మీ అమ్మ చెట్లకి దుప్పట్లు కప్పుతుందట కదా, వాటికి చలేస్తోందా అని."

"నువ్వేమన్నావు?"

"టికెట్ తీసుకుని లోపలికి జరగమన్నా."

మొదటి ఏడాది దుప్పట్లన్నీ ఒకటే నలుపు. రెండో ఏడాదివి పక్కన పరిచి చూస్తే ఆమెకి తేడా కనిపించింది. కొన్ని చెట్ల పలకల మధ్య తెల్లటి గీతలు వెడల్పయ్యాయి. మూడో ఏడాదికి అవి వేలెడు వెడల్పు అయ్యాయి. అయిదేళ్ళ పిల్లకి కుట్టిన గౌను ఎనిమిదేళ్ళకి కుట్ల దగ్గర విచ్చుకున్నట్టు, చెట్టు లోపలి నుంచి లావెక్కుతుంటే పైనున్న మాడిన తొడుగు పిగులుతోంది. అది కూడా చెట్టు చుట్టూ కాదు, ఒక పక్కనే. రెండో పక్క ఎప్పటిలాగే గట్టిగా, నల్లగా ఉంది.

కొన్ని దుప్పట్లలో గీతలు కదల్లేదు. ఒకటో నంబరు చెట్టుకి రెండో ఏటి దుప్పటీ మూడో ఏటి దుప్పటీ ఒకదాని మీద ఒకటి పెడితే ఒక్కలాగే ఉన్నాయి. ఇది నిదానంగా పెరిగే రకమేమో అనుకుంది. మేకు మీది కోటు దించి పోల్చి చూడొచ్చు. చూడలేదు. ఎందుకు చూడలేదో తనకి తాను చెప్పుకోనూ లేదు.

ఆ మూడో ఏడాదే, ఒక మధ్యాహ్నం, గుట్ట మీది నుంచి కాలిన కొమ్మ ఒకటి విరిగి రోడ్డు మీద పడింది. సరిగ్గా కూతురి బస్సు ముందు. డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి ఇద్దరికి మోకాళ్ళు దోక్కుపోవడంతో సరిపోయింది. మరుసటి వారమే అటవీ కార్యాలయం గోడకి నోటీసు అంటించారు: రోడ్డు వాలు మీద కాలి చచ్చిన చెట్లన్నీ కొట్టేస్తారు, వాటి చోట తొందరగా పెరిగే రకం మొక్కలు వరసల్లో నాటుతారు, బుధవారం చెట్లకి ఎర్రరంగు గుర్తులు వేస్తారు.

ఆమె వెంటనే కార్యాలయానికి వెళ్ళింది. రేంజరు ఆ ఏడాదే కొత్తగా వచ్చిన మనిషి, ముప్ఫై అయిదేళ్ళావిడ. బూట్లకి మట్టి ఉంది. మాట తక్కువ.

"అన్నీ చావలేదు రేంజరమ్మా" అంది ఆమె. "కొన్ని పెరుగుతున్నాయి."

"మా వాళ్ళు చెట్టు చెట్టుకీ బెరడు గీరి చూశారమ్మా. బతికుంటే లోపల పచ్చగా ఉండాలి. ఒక్కటీ లేదు."

"మొదళ్ళ దగ్గర చిగుళ్ళొస్తున్నాయి కదా."

"చిగుళ్ళు వేరు నుంచి వస్తాయి. రోడ్డు మీద పడేది మాను. మాను చచ్చింది."

ఎటు పక్క గీరారని అడగాలని అప్పుడు ఆమెకి తోచలేదు. "నా దగ్గర దుప్పట్లున్నాయి. మూడేళ్ళవి. చూస్తే మీకే తెలుస్తుంది" అంది.

రేంజరు కాసేపు ఆమె ముఖం చూసింది. "మసి పూసి మారేడుకాయ చేయరు కదా?"

"మసి మాత్రమే పూస్తానమ్మా. మారేడుకాయ సంగతి నాకు తెలీదు."

రేంజరుకి నవ్వొచ్చింది. "సరే. మంగళవారం పొద్దున వస్తాను. ఎక్కడైనా వరసగా వేలాడదీసి ఉంచండి. నాకు తేడా కనిపిస్తే ఆపుతాను. లేకపోతే బుధవారం రంగు పడుతుంది."

ఊరి గ్రంథాలయంలో పెద్ద గది ఉంది. లైబ్రేరియన్‌కి చాలాకాలంగా ఆ దుప్పట్ల మీద కన్నుంది. ఇది కళ అని మొదట అన్నవాడు అతనే. అడగ్గానే బల్లలన్నీ గోడకి జరిపించి, తాళ్ళు కట్టించి, అట్ట మీద పేరు రాయడానికి కుంచె పట్టుకుని కూర్చున్నాడు.

"'దహనం, పునర్జన్మ' అని పెడదామా అక్కగారూ?"

"ఎవరో పోయారనుకుని పూలు పట్టుకుని వస్తారు. 'గుట్ట మీది చెట్లు, మూడేళ్ళు' అని రాయండి చాలు."

అంతా కుదిరింది కానీ దుప్పట్లకి మడతలు పడి ఉన్నాయి. ఇంటి ఇస్త్రీపెట్టెతో ఎంత లాగినా మడత గీతలు పోవడం లేదు. ఏది మడత గీతో ఏది పగులు గీతో రేంజరుకి తేడా తెలియకపోతే పనంతా నీళ్ళపాలే. లాండ్రీలో పెద్ద రోలరుంది. అందులోంచి తీస్తే దుప్పటి కాయితంలా వస్తుంది. శనివారం ఆమె మూట కట్టుకుని కూతురి బస్సులోనే వెళ్ళి మేస్త్రికి అప్పగించింది.

"సోమవారం పొద్దున్నే నేనే దగ్గరుండి రోలరు వేస్తానక్కా. వెనకవైపే కదా?"

"వెనకవైపే. మీద కాయితం."

"నాకు చెప్పాలా?" అంటూ మూటని శుభ్రమైన బట్టలుండే గదిలో, పై అరలో పెట్టాడు. మురికి గదిలో పెడితే ఎవరైనా ఉతుకులో వేస్తారని భయం. జాగ్రత్తకే అక్కడ పెట్టాడు.

ఆదివారం మేస్త్రికి పన్ను వాచింది. సెలవు పెట్టాడు. మూట సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పే స్థితిలో లేడు, దవడ కదలడం లేదు. ఆదివారం పనిలోకొచ్చిన ఇద్దరాడవాళ్ళు శుభ్రమైన గదిలో అర తీసి చూస్తే, నల్లటి దుప్పట్ల మూట. దుప్పట్ల మీద ఆసుపత్రి ముద్ర ఉంది. అంచున ఎర్రదారంతో నంబర్లున్నాయి. నాలుగు మూలలూ ఉన్నాయి.

సోమవారం పొద్దున ఆమె వెళ్ళేసరికి ఆ ఇద్దరూ గుమ్మం దగ్గరే ఉన్నారు. ముఖాలు వెలిగిపోతున్నాయి.

"పెద్దక్కా, మీరే రావాలి చూడటానికి. ఏ వార్డోళ్ళో గానీ ఘోరం చేశారు. మసి దుప్పట్లు తెచ్చి మంచి బట్టల్లో పెట్టారు. తనిఖీ వాళ్ళు చూస్తే మా పని అయిపోయేది."

"ఎన్ని దుప్పట్లు?" అని అడిగింది ఆమె. గొంతు మామూలుగానే ఉంది.

"అరవై అయిదు. అన్నిటి మసీ దింపేశాం. నాలుగు గంటలు పట్టింది. రండి, చూపిస్తాం."

బల్ల మీద రెండు దొంతరలు. మంచు ముద్దల్లా ఉన్నాయి. ఆమె పై దుప్పటి తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. మూల ఎర్రదారంతో 14 అనీ, పక్కన ఏడాదీ కుట్టి ఉన్నాయి, అంతే. నీడ కూడా లేదు.

"నీళ్ళు తగలకముందు దులిపారా?"

"దులిపాం."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు. మీరు చెప్పినట్టే. తర్వాత మరిగే నీళ్ళు, సోడా, ఆఖర్న బ్లీచింగు. ఒక్క అడుగు తప్పలేదు పెద్దక్కా."

అప్పుడే మేస్త్రి బుగ్గకి రుమాలు కట్టుకుని లోపలికొచ్చాడు. దొంతరలు చూశాడు. ఆమె చేతిలోని దుప్పటి చూశాడు. నడుస్తున్నవాడు అక్కడే ఆగిపోయాడు. ఆడవాళ్ళిద్దరికీ ఏదో తప్పు జరిగిందని అప్పుడు అర్థమైంది. ఒకామె మేస్త్రిని చూసి, పెద్దక్కని చూసి, "అవి ఉతకాల్సినవి కావా?" అంది మెల్లగా.

"మూలలున్నాయి కదమ్మా" అంది ఆమె. "మూలలున్నవి ఉతకాలి. మీ తప్పేం లేదు. బాగా ఉతికారు."

మేస్త్రి నోరు పూర్తిగా తెరవలేకపోతున్నాడు. "నా తప్పక్కా. ఒక చీటీ రాసి పెట్టినా..."

"నువ్వు కత్తెర తీశావు, నేను పట్టుకున్నాను. ఇంక తప్పెవరిదో పంచుకోవడం దేనికి? ముందు ఆ పన్ను పీకించుకో."

బయటికొచ్చి బస్టాపులో మూట పక్కన పెట్టుకుని కూర్చుంది. రెండు బస్సులు వచ్చి వెళ్ళిపోయాయి. మూడోది కూతురిది. కూతురు మూట అందుకుంది. బరువు అదే ఉంది కానీ వాసన మారింది. సబ్బు వాసన.

"ఉతికేశారా?" అంది. ఎప్పుడూ లేనిది, చిన్న గొంతుతో.

"ఉతికేశారు."

ఆ రోజు కూతురు వేళాకోళం ఆడలేదు. అదే ఆమెకి ఎక్కువ కష్టమనిపించింది. మధ్యాహ్నం భోజనం దగ్గర తనే అంది. "అను. గురువు నేర్పిన విద్య గురువు మీదే తిప్పికొట్టారను."

"నేను వేరేది అనుకుంటున్నాను" అంది కూతురు. "ఆ కొమ్మ నా బస్సు ముందు పడిందమ్మా. ఆ రోజు నుంచి మలుపు దగ్గరికి రాగానే టికెట్లు కొట్టడం ఆపి పైకి చూస్తున్నా. నీకు చెప్పలేదు. చెట్లు కొట్టేస్తారంటే, నిజం చెప్పొద్దూ, ఒక పక్క నాకు హాయిగానే అనిపించింది."

ఆమె కంచం పక్కకి జరిపింది. "చచ్చిన చెట్టయితే కొట్టాల్సిందే" అంది. "బతికినదాన్ని కూడా కలిపి కొట్టొద్దనే నా గొడవ." తర్వాత లేచి వెళ్ళి, తలుపు వెనకాల మేకు మీది కోటు దించింది.

మంగళవారం పొద్దున గ్రంథాలయం గదిలో ఖాళీ తాళ్ళ కింద రేంజరు నిలబడింది. ఒక తాటికి కోటు ఒక్కటే వేలాడుతోంది. లైబ్రేరియన్ అట్టని వెనక్కి తిప్పి గోడకి ఆనించాడు. రేంజరు జరిగిందంతా విని, కోటు దగ్గరికి వెళ్ళి చూసింది.

"కథ బాగుందమ్మా. కానీ కథ చూసి గుర్తులు ఆపలేను."

"ఆపొద్దు. గుట్ట ఎక్కుదాం. మీ చాకు తెచ్చుకోండి. నా కూతురు కూడా వస్తుంది, దానికి డ్యూటీ మధ్యాహ్నం నుంచి."

ముగ్గురూ మలుపు దగ్గర ఒకటో నంబరు చెట్టు చేరారు. కూతురి నెత్తిన ఉతికిన దుప్పట్ల మూట, అందులోనే నాడా, తువ్వాలు. ఆమె కోటు వెనకవైపుని మాను మీద పరిచింది. అప్పుడు ఎక్కడ ఆనుకుందో వీపుకి గుర్తుంది. ముందు గుండ్రటి కణుపు చోటు వెతికి దాని మీద కణుపుని పెట్టింది. తర్వాత అరచేతులతో నిమురుతూ గుడ్డని సర్దింది. వేళ్ళ కింద పగులు మీద పగులు, పలక మీద పలక కూర్చున్నాయి. మూడేళ్ళ తర్వాత కూడా దారప్పోగంత తేడా లేదు. కొలతలు తీసి కుట్టిన జాకెట్టులా సరిపోయింది.

ఆమె చేతులు తీయలేదు.

"ఏంటమ్మా?" అంది కూతురు.

"సరిపోయింది" అంది ఆమె. "బతికుంటే సరిపోకూడదు."

రేంజరు చాకు తీసి గీరింది. లోపల ఎండిన గోధుమరంగు. చుట్టూ తిరిగి నాలుగు చోట్ల గీరింది. నాలుగు చోట్లా అంతే. నాలుగో గీత తర్వాత రేంజరు చూసింది చెట్టు వైపు కాదు, కోటు పట్టుకుని నిలబడ్డ మనిషి వైపు.

"మీ చెట్టు చచ్చిందని మీరే చెప్పడానికా నన్ను తీసుకొచ్చింది?"

"ఇది చచ్చిందని నాకూ ఇప్పుడే తెలిసింది. రెండోదానికి పదండి."

రెండో చెట్టు నుంచి దారి పైకి మళ్ళుతుంది. మిగతా ఇరవై ఒక్క చెట్లూ దారికి దిగువన, వాలు మీద ఉన్నాయి. రేంజరు దారిలోనే నిలబడి మాను మీద తన మనుషులు గీరిన గాటు చూపించింది. "చూడండి. గోధుమరంగే."

ఆమె ఆ గాటు చూసింది. తర్వాత దారి చూసింది. తర్వాత చీర కుచ్చిళ్ళు దోపుకుని, మొక్కలు పట్టుకుని వాలు దిగడం మొదలుపెట్టింది.

"అమ్మా, జారతావు!"

"మూడేళ్ళనుంచి దిగుతున్నా. ఒక్క దుప్పటి విసురు."

చెట్టుకి దిగువ పక్క నిలబడి తెల్లటి దుప్పటి చుట్టి, కూతురు పై నుంచి నాడా అందిస్తే కట్టి, తువ్వాలుతో అద్దింది. విప్పి పైకి ఎత్తి చూపించింది. దారి వైపు పక్కంతా గట్టి నలుపు. దిగువ పక్క నలుపు చీలికలైపోయి, మధ్యలో వేలెడు వెడల్పు తెల్ల చారలు.

"ఈ తెల్ల చోట గీరండి రేంజరమ్మా. దిగి రావాలి మరి."

రేంజరు దిగింది. ఒకసారి కాలు జారి కూర్చుండిపోయింది, లేచి దులుపుకుంది. చాకు పెట్టి గీరింది. లోపల తడిగా, లేత పచ్చగా ఉంది.

కింద రోడ్డు మీద ఒక లారీ వెళ్ళిపోయింది.

"మంట కింద నుంచి పైకి ఎక్కింది" అంది రేంజరు చివరికి, తనలో తాను చెప్పుకుంటున్నట్టు. "అలా ఎక్కేటప్పుడు మాను వెనక, ఎగువ పక్కనే ఎక్కువసేపు నిలుస్తుంది. ట్రైనింగులో మొదటి వారం చెప్పే పాఠమిది. మా వాళ్ళు పైనుంచి గీరారు."

"దారి పైనుంది కదమ్మా. దారి దిగి ఎవరు చూస్తారు?"

మధ్యాహ్నానికి ఇరవై రెండు చెట్లూ అయ్యాయి. పద్నాలుగు బతికి ఉన్నాయి, ఎనిమిది చచ్చాయి. బతికినవాటిలో ఒకదాని ఎండుకొమ్మ రోడ్డు మీదికి వాలి ఉంది. దాన్ని మాత్రం నరికిస్తానని రేంజరు రాసుకుంది. బుధవారం దాకా ఆగకుండా ఎనిమిదింటికీ గుర్తులు వేయమని మనిషికి కబురు పెట్టింది. అతను రంగు డబ్బాతో వచ్చి మలుపు దగ్గరి నుంచే మొదలుపెట్టబోయాడు. రేంజరు అతన్ని ఆపింది.

"ఈ ఒక్కటీ వదిలేయమంటారా? మీరు మొదట పట్టుకున్న చెట్టు. మోడు వరకు ఉంచొచ్చు."

ఆమె తలెత్తి కొమ్మల్ని చూసింది. ఒకటి సరిగ్గా మలుపు మీదికి చాచి ఉంది. పక్కన కూతురు కూడా అదే కొమ్మని చూస్తోంది.

"మిగతా ఏడింటికి ఒక రూలూ దీనికి ఒకటా?" అంది ఆమె. "దీని కింది నుంచే నా పిల్ల బస్సు రోజుకి ఆరుసార్లు పోతుంది. వేయించండి. పది నిమిషాలాగమనండి, అంతే."

ఆ పది నిమిషాల్లో దానికి చివరి దుప్పటి చుట్టింది. మూడేళ్ళలో ఎప్పుడూ లేనంత చక్కగా, నల్లగా వచ్చింది. చచ్చిన చెట్టు మసి ఎక్కువిస్తుంది. బతికే చెట్లు ఏడాదికేడాది తక్కువిస్తాయి. ఇంకో నాలుగేళ్ళకి ఆ పద్నాలుగూ అసలేమీ ఇవ్వవు. ఆమె దుప్పటి మడతపెట్టుకుంది.

శనివారం ఆమె మిగిలిన తెల్ల దుప్పట్లు పట్టుకుని మళ్ళీ లాండ్రీకి వెళ్ళింది. గ్రంథాలయంలో ఈ ఏడాది కొత్త దుప్పట్లే వేలాడదీద్దామని లైబ్రేరియన్ అన్నాడు. పక్కన కోటు. అట్ట మీద 'మూడేళ్ళు' అన్న ముక్క కొట్టేసి 'ఇప్పుడు' అని రాశాడట. వచ్చే ఏడు తేడా చూడటానికి తనూ వస్తానని రేంజరు కబురు చేసింది.

మేస్త్రి పన్ను పీకించుకుని మాటలోకి వచ్చాడు. ఆమె రద్దు బల్ల ముందు కూర్చుని కత్తెర అడిగింది. ఒక్కో దుప్పటీ లాగి, ఒక్కో మూల కత్తిరించడం మొదలుపెట్టింది. ఆదివారం నాటి ఇద్దరాడవాళ్ళూ దూరంగా నిలబడి చూస్తున్నారు.

"మూల పోతే చెట్టు పోతుందన్నావు కదక్కా?" అన్నాడు మేస్త్రి.

"పోనీ. మిగతాది నాకు ఉంటుంది." కత్తెర మొద్దుగా ఉంది. ఆమె దాన్ని బల్ల అంచుకి రెండుసార్లు నూరి, మళ్ళీ పనిలో పడింది. "ఆ ముక్కలు పారేయకండమ్మా. గంజి గిన్నె తుడుచుకోవడానికి పనికొస్తాయి."